వల కడిగే దాకా

41వ మాట

ఈవేళ హారన్‌లో మా అప్ప గొంతు వచ్చింది.

ముందు అదే చెప్తాను, పని సంగతి తర్వాత. రాయడం సరిగ్గా రాదు కాబట్టి రోజూ చేసిన పని మాట్లాడి దాచమని ఈ రికార్డు డబ్బా చేతికిచ్చారు. ఏది ముందు మాట్లాడాలో నా ఇష్టం.

అప్పంటే అక్క. మా అప్ప నూకాలు సముద్రం మధ్యలో లంగరేసిన పడవలో ఉంటుంది. రోజూ పొద్దున్నే నీళ్ళు ఎంత వేడున్నాయో చూసి నంబరు పంపుతుంది. అది మంచు పక్కనున్న రాతి గట్టు మీద రేడియో గదికి వస్తే ఎల్లాజీ మావ హారన్‌లో పెడతాడు, మేం మంచు మీద నిలబడి వింటాం. నంబరు తర్వాత నాకోసం ఒక తిట్టు కూడా ఉంటుంది. నేను తిరిగి తిట్టడానికి లేదు, నా చేతి సెట్టు అంత దూరం పోదు.

నెలన్నర నుంచీ ఆ గొంతు లేదు. "గాలి బాగోనేదురా, నంబరొకటే తెలిసింది" అని మావ తనే చదివేస్తున్నాడు. రోజూ గట్టెక్కి ఆయన బుర్ర తినేశాను. నిన్నయితే చేతులు పట్టుకున్నాను. "ఒక్క ముక్క మావా. గరగరలాడినా పర్లేదు."

మావ చాలాసేపు నా మొహం చూశాడు. "రేపు సూద్దాంలే, ఎల్లు" అన్నాడు.

ఈవేళ పెట్టాడు. "ఇరవయ్యేడు. ఒరే పోలిగా, తిన్నావా? తిన్న పళ్ళెం నువ్వే కడుక్కో, పక్కోడి నెత్తిన పెట్టకు." తర్వాత రెండుసార్లు దగ్గింది. అసలు గరగరే లేదు, పక్కన కూర్చుని చెప్పినట్టుంది.

నాతో మంచు మీద పనిచేసే పైడియ్య బావ పగలబడి నవ్వాడు. "సముద్రంలోంచి కూడా నీ ఎంగిలి పళ్ళెం కనిపిస్తందిరా మీ అప్పకి!"

పని సంగతి. ఇరవయ్యేడంటే చల్లటి సముద్రం. నెలన్నరగా ఇంచుమించు అదే నంబరు. కాబట్టి రేపట్నుంచి వలలు తీసేస్తాం.

42వ మాట

వల అంటే చేపల వల కాదు. మంచు మీద కప్పే తెల్ల పట్టాలు. మా గుల్లలపాలెం సముద్రంలో కలిసిపోయాక ఊరందర్నీ ఓడెక్కించి తెచ్చి ఈ కొండ కింద పేటలో దింపారు. అందరివీ వలలు అల్లిన చేతులే. చిరిగిన పట్టాల్ని వల సూదితోనే కుట్టుకుంటూ వచ్చారు, పేరు అలా అతుక్కుపోయింది. ఎండ నడినెత్తిన కాసే దేశం ఇది, అయినా కొండ నెత్తి మీద మంచు. మేం తెల్లమ్మ అంటాం. తెల్లమ్మ కరిగి గెడ్డలోకి, అదే కొండ వాగులోకి, దిగితే పేట తాగుతుంది. ఇంకో నీళ్ళు లేవు.

సముద్రం చల్లగా ఉంటే నెలన్నరకి ఇక్కడ మంచు పడుతుంది. అప్పుడు వలలు తీసెయ్యాలి. కొత్త మంచు పాత మంచుని నేరుగా పట్టుకుంటే ఎండని వెనక్కి తన్నేస్తుంది. సముద్రం వేడెక్కితే ఆ వేడి గాలిలోకి ఎక్కి, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కొండెక్కుతుంది. అప్పుడు మంచు బదులు వాన. వానొచ్చే ముందు వలలు కప్పి కాలవలు తవ్వాలి. నాకు తెలిసిన చదువంతా ఇదే. బళ్ళో చెప్పింది ఒక్కటీ గుర్తులేదు, ఇది మాత్రం కాళ్ళతో నేర్చుకున్నాను.

పొద్దున్నుంచీ వలలు చుట్టాం. ఎప్పుడు తీసినా గెడ్డలో కడిగి చుడతాం. ఈసారి పైడియ్య బావ మొదటి వల గెడ్డ వైపు లాగేసరికి హారన్‌లో మావ అరుపు: "కడగొద్దు! కడక్కండా సుట్టియ్యండి!"

"ఇంత మట్టితోనా?" అన్నాడు బావ, మావకి వినపడదని తెలిసీ. "ముసిలోడికి మతి పోతంది."

నాకూ వింతగానే అనిపించింది. వల కడగడం మాకు స్నానం లాంటిది. కడిగితేనే వేట అయినట్టు. కడిగే దాకా చెడ్డ కబురు నోట్లోంచి రాకూడదని కూడా ఒకటుంది. మా అయ్య పోయిన రోజు మిగతా పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి. అమ్మ అడిగితే "ఎనక పడవలో వస్తన్నాడు" అన్నారు. అందరూ వలలు కడిగి, ఆరేసి, అప్పుడొచ్చి మా ఇంటి ముందు కూర్చున్నారు. ఆ మాటకి అర్థం ఒడ్డునున్న ఆడోళ్ళందరికీ తెలుసు, అమ్మకీ తెలుసు. అయినా వల కడిగే దాకా కంట నీళ్ళు రానివ్వలేదు.

పై అంచున ఒక జాగా ఉంది, మంచమంత. అక్కడ ఎవర్నీ అడుగెయ్యనివ్వను. సీజను అయ్యాక పడవ మనుషులు మారతారు, అప్ప కొండెక్కి వస్తుంది. దానికి ఇరవై ఆరేళ్ళు, ఇంతవరకూ మంచు చూడలేదు. మొదటి అడుగు అదే వెయ్యాలి. బావ ఎకసెక్కం చేస్తాడు గానీ ఆ జాగా తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్తాడు.

44వ మాట

మంచు పడలేదు. తుంపర పడింది.

వేడి తుంపర. మొహం మీద ఎవరో దగ్గర్నుంచి ఊపిరి వదిలినట్టుంది. వాసన కూడా ఉంది. నాకొక్కడికే అనుకున్నాను, బావ కూడా ముక్కెగరేశాడు. ఎండుచేపల పాకలో వాన పడితే వచ్చే వాసన. చుట్టూ వంద మైళ్ళలో చేప లేదు.

హారన్‌లో అప్ప. "ఇరవయ్యేడుకి కాసింత తక్కువ. రాత్రంతా పిండారబోసినట్టు వెన్నెలరా. పున్నమికి చేప పైకి రాదు కదా, గేలానికి ఒక్కటీ పడలేదు." నవ్వింది.

నేను నవ్వలేదు. చీకటుండగానే లేచాను ఈవేళ, టీ పెట్టే వంతు నాది. కొండ వెనక సన్నటి గోరంత చంద్రుడు. మూడు నాలుగు రోజుల్లో అమావాస్య.

"బావా, పున్నమి ఎప్పుడైంది?"

"ఎప్పుడో అయిపోనాది. ఏం?"

"అప్ప పున్నమంటోంది."

బావ టీ గ్లాసు దించాడు. "సముద్రం కాడ సంద్రుడు వేరేమోరా" అన్నాడు. ఎప్పుడూ తన జోకుకి తనే ముందు నవ్వుతాడు. ఇప్పుడు నవ్వలేదు.

45వ మాట

వాన ఆగలేదు. వలలు లేని మంచు మీద నేరుగా పడుతోంది. పైనున్న తెల్లదనమంతా కొట్టుకుపోయి కింద పాత మంచు బయటపడింది. నల్లగా, సీసా అడుగులా. అందులో మనిషి నీడ ఆలస్యంగా కదులుతున్నట్టు ఉంటోంది. కిందకి చూడకుండా నడుస్తున్నాం.

చప్పుడు కూడా మొదలైంది. కాలి కింద, బాగా లోతున, గుబుక్... గుబుక్... పడవ అడుగున పడుకున్నోళ్ళకి ఆ చప్పుడు తెలుసు. చెక్కకి అవతల్నుంచి నీళ్ళు తట్టే చప్పుడు. కొండ మీద, మంచు లోపల ఆ చప్పుడు ఉండకూడదు.

హారన్: "ఇరవయ్యేడు. పోలిగా, పన్ను నెప్పి తగ్గిందా? లవంగం నొక్కి పెట్టు." దగ్గు, రెండుసార్లు.

నా నాలుక దానంతటదే ఆ ఖాళీలోకి వెళ్ళింది. ఆ పన్ను పీకించి ఏడాదైంది. పీకించినట్టు అప్పకి మావతోనే కబురు పెట్టాను.

సాయంత్రం కింద నుంచి సెట్టులో మావతో మాట్లాడాను. "నంబరు తక్కువుంటే వానెందుకొస్తంది మావా?"

"వచ్చినా మంచుగా తిరుగుద్దిలేరా. పోయినేడూ మొదట్లో రెండు సినుకులు పడ్డాయి."

"అప్ప పన్ను నెప్పి అడుగుతోంది."

"మర్సిపోయుంటాదిలే" అన్నాడు.

మా అప్ప మర్చిపోదు. నేను ఆరేళ్ళప్పుడు పగలగొట్టిన అద్దం గురించి ఇప్పటికీ తిడుతుంది.

47వ మాట

బావ మంచులో దిగిపోయాడు.

అడుగు జాగ్రత్తగానే వేశాడు. కింద మంచు లేదంతే. నడుము దాకా వెళ్ళి చేతులతో అంచు పట్టుకుని వేలాడుతుంటే నలుగురం తాడేసి లాగాం. పైకొచ్చాక తడిసిన కాళ్ళు తడుముకున్నాడు. "గోరెచ్చగా ఉన్నాయిరా నీళ్ళు" అన్నాడు. "కాళ్ళకి అడుగందలేదు."

నేను బోర్లా పడుకుని ఆ కన్నంలో టార్చి వేశాను. లోపల గుడారం లోపలిలా ఉంది. పైన మంచు కప్పు, కింద నీళ్ళు, వెలుతురు పోయినంత దూరమూ నీళ్ళే. మెల్లగా ఊగుతున్నాయి. గాలి లేదు, అయినా ఊగుతున్నాయి. కింద చివర, గెడ్డలో కలిసే చోట, ఒక మంచు గోడ ఆ నీళ్ళని పట్టుకుని ఉంది. లేచి దిగువకి చూస్తే ఆ గోడ బయటి మొహం మీద పగులు కనిపిస్తోంది. గోడకి సరిగ్గా దిగువన మా పేట.

కడగని వలలన్నీ మళ్ళీ విప్పి, మట్టితోనే, చేతికందినంత మేర పరిచాం. పరుస్తుంటే వాన వాటి మీద కాలవలు కట్టింది. మట్టంతా కారిపోయి పొద్దు వాలేసరికి వలలు తెల్లగా తేలాయి.

పై అంచున అప్ప జాగా లేదు. అక్కడొక గుంట. గుంటలో వాన నీళ్ళు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఏం లేదు. ఉప్పగా ఉంటుందని ఎందుకనుకున్నానో తెలీదు.

48వ మాట

గోడ సంగతి పేటకి చెప్పాలంటే గట్టు మీది సెట్టే దిక్కు, రాత్రి వానలో ఎక్కలేక పొద్దున్నే నంబరు టైముకి ముందే గట్టెక్కాను. మబ్బు ఎంత దట్టంగా ఉందంటే రేడియో గది తలుపు చేతికి తగిలేదాకా కనపడలేదు.

లోపల్నుంచి అప్ప గొంతు.

"ఇరవయ్యేడున్నర. పోలిగా, గడ్డం..." టక్. ఆగిపోయింది. మళ్ళీ, "ఇరవయ్యేడున్నర. పోలిగా, గడ్డం..." టక్. మళ్ళీ మొదట్నుంచి.

తలుపు తోశాను. మావ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, రెండు చేతులూ పెట్టె మీద. వచ్చిన నంబర్లన్నీ గొంతుతో సహా దాచే పెట్టె అది. తెర మీద తేదీ ఉంది. ఈవేళ్టి తేదీయే. సంవత్సరం మాత్రం పోయినేటిది.

నన్ను చూసి లేవలేదు. కంగారు కూడా పడలేదు.

"వల కడగనేదు కదరా" అన్నాడు. "కడక్కండా ఎలా సెప్తాను?"

"ఎన్నాళ్ళైంది మావా?"

"నెలన్నర. తుపానొచ్చింది. అంతకు ముందు రెండ్రోజులు నీళ్ళు మరిగినట్టు ఉన్నాయంది."

"నంబరు చెప్పలేదా?"

మావ ఇంకో మీట నొక్కాడు. ఇదీ అప్ప గొంతే. గాలి హోరులో, ఊపిరి అందకుండా. "ముప్పై రెండు. మావా, ముప్పై రెండు! తప్పు కాదు, మూడుసార్లు చూశాను. వలలు తియ్యొద్దని చెప్పు. పోలిగాడికి చెప్పు, వలలు తియ్యొద్దు, కాలవలు..." అంతే. దగ్గు లేదు, తిట్టు లేదు.

"తుపాను వేడి కదా, దిగిపోద్దనుకున్నాను" అన్నాడు మావ. "పోయినేడు లాగే ఉంటాదనుకున్నాను. ఈ నంబరు సెప్తే, రేపటి నంబరేదని అడుగుతారు. ఎల్లుండిది అడుగుతారు. నువ్వడుగుతావు. మీ అమ్మడుగుతాది. అప్పుడేటి సెప్పను? సీజను అయ్యాక, వలలు కడిగాక, నేనే కిందకొచ్చి మీ గుమ్మంలో కూకుందామనుకున్నాను. ఈలోగా నువ్వేమో గొంతు గొంతని నా పేణం తీస్తివి."

కొట్టాలని చెయ్యి లేచింది నాకు. మా అమ్మ తమ్ముడు. అయ్య పోయాక నన్ను భుజాల మీద మోసినవాడు. చెయ్యి గాల్లోనే ఉంది.

అప్పుడు వినపడింది. మూలనున్న ఇంకో సెట్టులోంచి.

గుబుక్... గుబుక్...

"అదేంటి?"

"దాని పడవ సెట్టు. ఎండకి నడిసే బ్యాటరీ. పడవ తిరగబడి తేలుతున్నట్టుంది. అప్పట్నుంచీ ఇదే చప్పుడు. కట్టెయ్యడానికి సెయ్యి రాలేదు."

నేను కింద మంచులో విన్న చప్పుడే. అదే ఎడం, అదే తట్టు. అప్పని ముంచిన వేడి ఆగకుండా నెలన్నర నడిచి ఇక్కడికొచ్చింది. నాలుగు రోజుల్నుంచీ నా మొహం మీద ఊపిరి వదుల్తున్నది అదే.

49వ మాట

ఇప్పుడు చెప్పేది కూడా అదే పొద్దున్నే జరిగింది. గోడ గురించి గుర్తొచ్చి చెయ్యి దించాను. ఏడవడానికి టైం లేదు.

పేట సెట్టు కలిపాను. అవతల ఎత్తింది అమ్మే. రోజూ నంబరు టైముకి అక్కడికొచ్చి కూర్చుంటుందట, అప్ప మాట మావ చెప్తాడని.

"అమ్మా, అందర్నీ లేపు. గెడ్డ దాటి ఎత్తుకి పొండి. తెల్లమ్మ కింద నీళ్ళు నిండిపోయాయి. గోడ తెగుతుంది."

"ఏటి నీళ్ళురా?" వెనక జనం గొంతులు కూడా వినిపిస్తున్నాయి. ఎవరో ముసలాయన: "నూకాలు నంబరు ఇరవయ్యేడు కదేటి! ఇరవయ్యేడుకి నీళ్ళెక్కడివి? ఆడికి కొండ గాలి తగిలినట్టుంది." ఇంకెవరో నవ్వారు.

"అమ్మా, నిజం. నా కళ్ళతో చూశాను."

"సూసావులేరా. రెండు చినుకులకే పిల్లా మేకల్ని ఏసుకుని ఈ వాన్లో ఎక్కమంటావా? మంచాన పడ్డోళ్ళున్నారు. నూకాలు అబద్దం సెప్పదు. అది తక్కువంటే తక్కువే."

అదీ నిజమే. అప్ప అబద్ధం చెప్పదు. పేట మొత్తం దాని మాట మీద నిద్రపోతోంది. ఆ మాట దానిది కాదని చెప్తే తప్ప కదలరు. మావ వైపు చూశాను. మావ తల అడ్డంగా ఊపుతున్నాడు. మావ పిచ్చి గానీ, అంతమంది వింటుండగా, మైకులో, అమ్మకి ఆ ముక్క నా నోట మాత్రం ఎలా వస్తుంది?

తర్వాత దానంతటదే వచ్చింది.

"అమ్మా. అప్ప ఎనక పడవలో వస్తంది."

అవతల నవ్వు ఆగిపోయింది. ముసలాయన గొంతు ఆగిపోయింది. పిల్లలెవరో ఏడుస్తుంటే, ఎవరో నోరు మూసినట్టు అదీ ఆగిపోయింది. సెట్టు తెగిపోయిందేమో అనుకున్నాను.

"పోలిగా." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. చాలా మామూలుగా. "వలలు కడిగేరా?"

నిన్న సాయంత్రం తెల్లగా తేలిన వలలు కళ్ళలో మెదిలాయి.

"వానే కడిగేసిందమ్మా."

సెట్టు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత అమ్మ కేక, నా జన్మలో వినలేదు అలాంటిది. ఏడుపో పిలుపో తెలీదు, రెండూ ఒకటే. "లెగండర్రా! నంబరు నేదు! లెగండి, ఎత్తుకెక్కండి!" దూరమవుతూ, గుమ్మం గుమ్మం దగ్గరా అదే కేక. సెట్టు అలా తెరిచే ఉండిపోయింది. అడుగులు, తలుపులు, మేకలు, ఎవర్నో మంచంతో సహా ఎత్తుతున్న మగాళ్ళ గొంతులు. చివరికి వాన చప్పుడొక్కటే మిగిలింది.

హారన్‌లో మా వాళ్ళని కూడా మంచు దిగి గట్టు మీదకి రమ్మన్నాను. బావ చివర్న వచ్చి నా మొహం చూసి పక్కన కూర్చున్నాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే గోడ తెగింది. కొండ గొంతు సవరించుకున్నట్టు ఒక్క చప్పుడు, తర్వాత చాలాసేపు గెడ్డ. పేట ఉన్నచోట నీళ్ళు కదిలాయి. ఎదురుగా ఎత్తు మీద చిన్న చిన్న చుక్కలు. మనుషులే. లెక్కపెట్టలేకపోయాను, కళ్ళు ఆనలేదు. ముందు వరసలో ఒకటి కూర్చుని ఉంది. మిగతావి ఒకటొకటిగా వచ్చి దాని చుట్టూ కూర్చుంటున్నాయి.

మావ అది చూస్తూ నిలబడ్డాడు. ఆయన కూర్చోవాల్సిన చోటు అది.

గదిలోకి తిరిగి వెళ్ళాం. మూలనున్న సెట్టు దీపం ఇంకా వెలుగుతోంది. మావ చెవి ఆనించి విన్నాడు, నన్నూ వినమన్నాడు.

గుబుక్ లేదు. ఖాళీ గాలి. ఎవరో తట్టి తట్టి, తలుపు తీసేసరికి వెళ్ళిపోయినట్టు.

"కట్టెయ్యనా?" అన్నాడు మావ.

"ఉండనీ" అన్నాను.